చల్లారుతున్న చుక్క లోపలికి ప్రయాణం

పిల్లలూ! పోయిన సెలవుల్లో మీలో కొందరు కొండలు చూసి ఉంటారు, కొందరు సముద్రం చూసి ఉంటారు. ఈ నెల నేను మిమ్మల్ని ఇంతవరకూ ఎవరూ వెళ్ళని చోటికి తీసుకుపోతాను. అక్కడ రైలు స్టేషను లేదు, సత్రం లేదు. కాలు మోపటానికి చోటైనా లేదు. అయినా చూసి తీరవలసిన చోటు. ఎందుకంటే, అక్కడ ఎవరో వేడిని దొంగిలిస్తున్నారేమోనని శాస్త్రజ్ఞులకు ఒక అనుమానం. ఆ దొంగ నిజంగా ఉన్నట్టు తేలితే, ఈ విశ్వంలో కంటికి కనిపించని పదార్థమంతా ఏమిటో కూడా తెలిసిపోవచ్చు.

బయలుదేరే ముందు ఆ చోటు ఏ దిక్కున ఉన్నదో చూసుకుందాం. నవంబరు, డిసెంబరు నెలల్లో రాత్రి భోజనాలకు ముందు డాబా ఎక్కి ఉత్తరంగా తిరిగి నిలబడండి. ధ్రువనక్షత్రం మనకు కాస్త కిందుగానే కనిపిస్తుంది. దానికి పైన అయిదు చుక్కలు ఇంగ్లీషు అక్షరం 'ఎమ్' ఆకారంలో ఉంటాయి. దాని పేరు కాసియోపియా మండలం. మన దేశంలో దాన్ని శర్మిష్ఠ అని కూడా అంటారు. మనం పోవలసినది ఆ వైపుకే. అయితే మనం చూడబోయే నక్షత్రం మామూలు కంటికి కనబడదు. ఎంత తేరిపార చూసినా అక్కడ మీకు చీకటే కనిపిస్తుంది.

మరి కంటికి కనిపించనిది అక్కడ ఉన్నదని ఎట్లా తెలిసింది? 1948లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మార్టిన్ రైల్, గ్రాహమ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ వైపు నుంచి చాలా బలమైన రేడియో తరంగాలు వస్తున్నట్టు కనిపెట్టారు. ఆ చోటికి 'కాసియోపియా ఎ' అని పేరు వచ్చింది. అది ఒక పెద్ద నక్షత్రం పేలిపోగా మిగిలిన శిథిలం. ఆ పేలుడు తాలూకు వెలుగు భూమికి చేరి సుమారు 340 సంవత్సరాలయింది.

ప్రయాణం

దూరం ఎంతో చెప్పితే భయపడకండి. వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కదా! ఆ వేగాన పోయినా కాసియోపియా ఎ చేరటానికి సుమారు 11,000 సంవత్సరాలు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్లు పోయే రైలెక్కితే దాదాపు 12,000 కోట్ల సంవత్సరాలు! ఈ విశ్వం పుట్టి 1,380 కోట్ల సంవత్సరాలే అయింది. అంటే విశ్వం పుట్టిన రోజున రైలెక్కిన వాడు కూడా ఇంకా తొమ్మిదో వంతు దారిలోనే ఉంటాడన్న మాట.

అందుచేత మనం రైలు మాట మరిచిపోయి మనోరథం ఎక్కుదాం. దానికి టిక్కెట్టు లేదు, దూరమూ లేదు. పులిహోర పొట్లం మటుకు మరిచిపోకండి.

ఇదుగో, వచ్చేశాం. ముందు మనకు కనిపించేది ఒక పెద్ద మేఘపు బుడగ. ఈ కొస నుంచి ఆ కొసకు పది కాంతి సంవత్సరాల వెడల్పు. ఇందులోని పదార్థం సెకనుకు 5,000 కిలోమీటర్ల చొప్పున ఇప్పటికీ బయటికి ఎగిరిపోతూనే ఉన్నది. ఇందులో ఏమున్నదంటారా? గాజులో ఉండే సిలికాన్, అగ్గిపెట్టె మందులో ఉండే గంధకం, మీ ఎముకల్లో ఉండే కాల్షియం, మీ ఇంటి పెనంలో ఉండే ఇనుము. ఇటువంటి నక్షత్రాలలోనూ, వాటి పేలుళ్ళలోనూ వండబడిన సరుకే మన భూమికి చేరి మనమయింది. కనక మనం ఇప్పుడు చూస్తున్నది ఒక విధంగా పెద్ద వంటిల్లు.

పొయ్యి మధ్యలో ఉన్నది. అదుగో, బుడగ నడుమ ఒక చిన్న చుక్క! దాన్ని మొదట చూపించింది 'చంద్ర' అనే దుర్భిణి. ఈ పేరు వినగానే మీకు చందమామ గుర్తుకు రావచ్చు. కాని ఇది సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అనే మన దేశపు శాస్త్రజ్ఞుడి పేరు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకుని, 1930లో పందొమ్మిదేళ్ళ వయసులో పై చదువులకు ఓడ మీద ఇంగ్లండు వెళ్ళాడు. ఆ ఓడలోనే కాగితం మీద లెక్కలు వేస్తూ ఒక సంగతి కనిపెట్టాడు: కాలిపోయి చల్లారిన నక్షత్రపు గర్భం ఒక హద్దు దాటి బరువుగా ఉంటే తన బరువును తాను మోసుకోలేదు. ఆ హద్దు మన సూర్యుడికి దాదాపు 1.4 రెట్లు. ఆ హద్దు దాటితే ఏమవుతుందో చూపించే చోటుకే మనం వచ్చాం.

1983లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. 1995లో ఆయన చనిపోయాడు. ఎక్స్‌రేలను పట్టే కొత్త దుర్భిణిని అంతరిక్షంలోకి పంపేటప్పుడు, దానికి పేరు సూచించమని అమెరికాలో పోటీ పెట్టారు. 'చంద్ర' అన్న పేరు రాసి గెలిచిన ఇద్దరిలో ఒకరు మీలాగే హైస్కూలు విద్యార్థి, రెండోవారు ఒక టీచరు. 1999 జులైలో ఆ దుర్భిణి ఆకాశానికి వెళ్ళింది. అది తీసిన మొట్టమొదటి బొమ్మల్లోనే ఈ చుక్క బయటపడింది.

దిగవద్దు!

దగ్గరికి పోయి చూద్దాం. దిగవద్దు సుమా! ఈ నక్షత్రం అడ్డుకొలత పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. మన రోడ్ల వంటి రోడ్డు ఉంటే సైకిలు మీద గంటన్నరలో ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చు. కాని బరువు మటుకు సూర్యుడి కన్న ఎక్కువ. సూర్యుడిలో భూమి వంటివి పదమూడు లక్షలు పడతాయని మీ పుస్తకంలో చదివారు కదా? అంత సరుకునూ, అంతకు మించి మరికొంతనూ, ఒక పట్నమంత చోటులో కుక్కితే ఎట్లా ఉంటుందో అదీ ఇది. ఇందులో నుంచి మీ జేబులో గోలీ అంత ముక్క తీస్తే దాని బరువు యాభై కోట్ల టన్నుల పైమాటే.

అందువల్ల ఇక్కడ ఆకర్షణ భూమి మీద కన్న పదివేల కోట్ల రెట్లు. నడుమెత్తు నుంచి వేరుశనగ గింజ జారిపడితే, నేల తాకేసరికి దాని వేగం సెకనుకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. కాలం కూడా ఇక్కడ నెమ్మదిగా నడుస్తుంది. ఇంటి దగ్గర గంట గడిస్తే ఇక్కడి గడియారంలో యాభై నిమిషాలు కూడా కావు.

ఇంత బరువు ఎట్లా వచ్చింది? మామూలు పరమాణువులో నడుమ చిన్న కేంద్రకం, చుట్టూ ఎంతో దూరాన ఎలక్ట్రానులు, మధ్యంతా ఖాళీ. నక్షత్రగర్భం కూలినప్పుడు ఆ ఖాళీ అంతా పోయింది. ఎలక్ట్రానులు పోయి ప్రోటానులలో కలిసి, రెండూ న్యూట్రానులయిపోయాయి. అందుకే దీన్ని న్యూట్రాన్ నక్షత్రం అంటారు. ఇటువంటి నక్షత్రాలు ఉంటాయని 1934లోనే వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్విక్కీ అనేవారు ఊహించారు.

పొర తరవాత పొర

ఇక లోపలికి పోదాం. మనోరథాన్ని వేడి ఏమీ చెయ్యదు.

మొదటిది గాలి. భూమి మీది గాలి ఎన్నో కిలోమీటర్ల ఎత్తు ఉన్నది. ఇక్కడి గాలి బెత్తెడు మందం, అంటే పది సెంటీమీటర్లు! అదంతా కార్బను అని 2009లో తేల్చారు. పెన్సిలు ముల్లులోనూ, బొగ్గులోనూ ఉండే కార్బనే. ఇక్కడ వేడి సుమారు 20 లక్షల డిగ్రీలు.

రెండోది పెంకు. ఇది సుమారు ఒక కిలోమీటరు మందం. పైభాగాన ఇనుము వంటి వాటి కేంద్రకాలు వరసలు తీరి ఉంటాయి. కిందికి పోయేకొద్దీ నొక్కుడు ఎక్కువై ఆ కేంద్రకాలు ఒకదాని కొకటి అంటుకుని వింత ఆకారాలు పొందుతాయని లెక్కలు చెపుతున్నాయి. మొదట ఉండలు, తరవాత పొడుగు పోగులు, ఆ తరవాత పలకలు. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు వీటికి తాము తినే ఇటలీ వంటకాల పేర్లు పెట్టుకున్నారు. మనమయితే లడ్డూలు, సేమ్యా, అప్పడాలు అనుకుంటే సరిపోతుంది.

మూడోది న్యూట్రానుల సముద్రం. ఇందులో ఒక చోద్యం ఉన్నది. ఇందులోని ద్రవానికి రాపిడి ఉండదు. ఒకసారి తిప్పి వదిలితే సుడి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దీన్ని అతిద్రవం అంటారు.

ఇక అన్నిటికన్న లోపలి గది. ఇక్కడ ఏమున్నదో ఇప్పటికీ రుజువు కాలేదు. కాని అక్కడ ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టిన వాటిలో అన్నిటికన్న అందమైన దాన్ని మనం లోపలికి తొంగి చూద్దాం.

ఎరుపు, పచ్చ, నీలం

న్యూట్రాను ఇంకా చిన్న వాటితో తయారయింది. వాటి పేరు క్వార్కులు. 1964లో మరీ గెల్‌మన్, జార్జి జ్వైగ్ అనే ఇద్దరు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఈ సంగతి ఊహించారు. ఒక్కొక్క న్యూట్రానులో మూడు క్వార్కులుంటాయి. మామూలుగా ఏ క్వార్కూ ఒంటరిగా బయటికి రాదు. మూడూ మూడు కాళ్ళ పరుగుపందెంలో కాళ్ళు కట్టుకున్న పిల్లల లాగా కలిసే ఉంటాయి.

కాని ఈ గదిలో నొక్కుడు ఎంతంటే, ఒక న్యూట్రాను ఇంకొక దానిలోకి చొచ్చుకుపోతుంది. ఏ క్వార్కు ఏ న్యూట్రానుదో తెలియదు. సంతలో తప్పిపోయిన పిల్లల లాగా అన్నీ కలిసిపోతాయి. దీన్ని క్వార్కు పదార్థం అంటారు.

క్వార్కులకు మూడు 'రంగు'లున్నాయి: ఎరుపు, పచ్చ, నీలం. ఇవి మన రంగుపెన్సిళ్ళ రంగులు కావు. విద్యుత్తులో ధనం, రుణం అని రెండు రకాలున్నట్టే, క్వార్కులను బంధించే బలంలో మూడు రకాలున్నాయి. గుర్తు కోసం రంగుల పేర్లు పెట్టారు, అంతే.

ఇప్పుడు ఒక పాత కథ చెప్పాలి. 1911లో హాలెండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఆనెస్ అనే శాస్త్రజ్ఞుడు పాదరసాన్ని సున్నకు కింద 269 డిగ్రీల దాకా చల్లబరిచాడు. ఉన్నట్టుండి అందులో విద్యుత్తుకు అడ్డు అనేదే లేకుండా పోయింది! దీనికి అతివాహకత్వం అని పేరు. ఎందుకిట్లా జరిగిందో 1957లో గాని తెలియలేదు. బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు కనిపెట్టినది ఏమిటంటే, అంత చలిలో ఎలక్ట్రానులు జతలు జతలుగా కూడుకుంటాయి. జత కట్టినవన్నీ ఒకే అడుగు వేస్తూ నడుస్తాయి. వాటిని చిన్న చిన్న అడ్డులు ఆపలేవు.

క్వార్కులు కూడా అట్లాగే జత కట్టవచ్చు. ఎరుపుది పచ్చదానితో చేరుతుంది. ఇట్లా చేరటాన్ని రంగు అతివాహకత్వం అంటారు. ఆ ఊహ 1970ల నాటిదే అయినా, ఆ జతల పట్టు చాలా గట్టిదని 1998లో తేలింది. ఎంత గట్టిదంటారా? పాదరసంలో ఎలక్ట్రానుల జతలు విడిపోవాలంటే పిసరు వేడి చాలు. క్వార్కుల జతలు విడిపోవాలంటే కొన్ని వేల కోట్ల డిగ్రీల వేడి కావాలి! ఈ నక్షత్రం లోపల ఉన్నది కొన్ని పదుల కోట్ల డిగ్రీలే. అది మనకు భరించరాని మంట. క్వార్కులకు మటుకు పౌష్యమాసపు చలి. వేడీ చలీ అన్నవి ఎవరిని అడుగుతున్నామో దాన్ని బట్టి ఉంటాయి!

ఈ జతలలో రకాలున్నాయి. ఒక రకంలో ఎరుపూ పచ్చా జత కట్టి, నీలం క్వార్కులు ఒంటరిగా మిగిలిపోతాయి. ఇంకొక రకంలో ఏ ఒక్కటీ మిగలకుండా మూడు రంగులవీ జత కడతాయి. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి. మన దొంగ కథకు ఇదే కీలకం.

తంజావూరు బొమ్మ

దొంగ ఎవరో ఇప్పుడు చెపుతాను. అతని పేరు ఆక్సియాన్. ఇంతవరకూ అతన్ని ఎవరూ చూడలేదు. చూడని వాడికి పేరెట్లా వచ్చిందంటే, అది న్యూట్రానులో ఉన్న ఒక వింత వల్ల.

న్యూట్రానులోని క్వార్కులలో ఒకదానికి ధన విద్యుత్తూ, రెండిటికి రుణ విద్యుత్తూ ఉన్నాయి. అటువంటప్పుడు ధనం ఒక పక్కకూ, రుణం ఇంకొక పక్కకూ కాస్తయినా ఒరగాలి. సిద్ధాంతం దానికేమీ అడ్డు చెప్పదు. కాని ఎంత సూక్ష్మంగా కొలిచినా ఆ ఒరుగుడు కనిపించలేదు. 2020లో చేసిన కొలతను బట్టి చూస్తే, న్యూట్రాను భూమంత పెద్దదనుకుంటే ఆ ఒరుగుడు తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా లేదు!

త్రాసు సరిగ్గా తూగితే మీరేమనుకుంటారు? ఏదో అదృష్టమనుకోవచ్చు. కాని ఇంత సరిగ్గా తూగితే అదృష్టం అనరు, ఏదో కిటుకు ఉన్నదంటారు. 1977లో రాబర్టో పెచ్చీ, హెలెన్ క్విన్ అనే ఇద్దరు ఆ కిటుకు ఏమై ఉంటుందో చెప్పారు.

మీలో చాలామంది ఇళ్ళలో తంజావూరు బొమ్మ ఉంటుంది. అడుగున గుండ్రంగా ఉండి బరువు పెట్టి ఉంటుంది. దాన్ని ఎటు పడదోసినా ఊగి ఊగి మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. దాన్ని నిలబెట్టటానికి ఎవరూ అక్కర్లేదు. ప్రకృతిలో కూడా అటువంటి ఏర్పాటు ఒకటి ఉన్నదనీ, న్యూట్రానులో ఒరుగుడును సున్నకు తెచ్చి నిలబెట్టేది అదేననీ వారు అన్నారు. 1978లో స్టీవెన్ వైన్‌బర్గ్, ఫ్రాంక్ విల్చెక్ అనేవారు ఇంకొక అడుగు వేశారు. బొమ్మ ఉంటే ఊగటం కూడా ఉంటుంది కదా! ఆ ఊగుడే ఒక కొత్త కణంగా కనిపించాలి. ఒక మరకను శుభ్రం చేసే కణం గనక, విల్చెక్ దానికి అమెరికాలో బట్టలుతికే ఒక సబ్బుపొడి పేరు పెట్టాడు. అదే ఆక్సియాన్.

1983లో ఇంకొక సంగతి తోచింది. విశ్వం పుట్టిన కొత్తలో ఒరిగిన బొమ్మ ఊగటం ఇంకా పూర్తిగా ఆగి ఉండకపోవచ్చు. ఆ ఊగుడు ఈనాటికీ విశ్వమంతా నిండి ఉండవచ్చు. విశ్వంలోని పదార్థంలో ఆరింట అయిదు వంతులు కంటికి కనిపించని చీకటి పదార్థమని మీ నాన్నగారో, టీచరుగారో చెప్పి ఉంటారు. ఆ చీకటి పదార్థం ఈ ఆక్సియానులే కావచ్చు. అందుకే ఈ దొంగ కోసం ఇంత వెతుకులాట.

ఇప్పుడు బొమ్మను తీసుకుని మన లోపలి గదిలోకి పోదాం. బొమ్మ అడుగున ఉన్న బరువు తగ్గిస్తే ఏమవుతుంది? పడదోస్తే గబగబా ఊగదు, బద్ధకంగా ఊగుతుంది. ఊగే వేగమే ఆక్సియాను బరువు. వేగంగా ఊగితే బరువైన కణం, నెమ్మదిగా ఊగితే తేలికైన కణం. బొమ్మ అడుగున బరువు పెట్టేది క్వార్కుల బలమే గనక, క్వార్కులు ఉండే తీరు మారితే ఆ బరువూ మారాలి. కిక్కిరిసిన క్వార్కు పదార్థంలో, అందునా క్వార్కులు జతలు కట్టిన చోట, ఆక్సియాను బయట ఉన్నప్పటి కన్న తేలిక అవుతుందని లెక్కలు చెపుతున్నాయి. మనిషి నీళ్ళలోకి దిగితే తేలికైనట్టన్న మాట. ఒకే కణానికి భూమి మీద ఒక బరువు, ఇక్కడ ఇంకొక బరువు!

పాలగిన్నె లెక్క

ఆక్సియాను ఎట్లా దొంగిలిస్తుంది? లోపలి వేడిలో కణాలు ఒకదాని నొకటి తాకినప్పుడు ఆక్సియానులు పుట్టవచ్చు. వాటికి గోడలు లేవు. ఇంత దట్టమైన నక్షత్రంలో నుంచి కూడా, జల్లెడలో నుంచి నీళ్ళు పోయినట్టు, తిన్నగా బయటికి పోతాయి. పోతూ కాస్త వేడి మూట కట్టుకుపోతాయి. అందుచేత దొంగను చూడనక్కర్లేదు, నక్షత్రం ఎంత త్వరగా చల్లారుతున్నదో చూస్తే చాలు.

ఇట్లా ఒకసారి దొంగ జాడ తీశారు కూడా. 1987 ఫిబ్రవరి 23న మన పక్క నక్షత్రపుంజంలో ఒక నక్షత్రం పేలింది. ఆ పేలుడులో పుట్టిన న్యూట్రినోలు అనే కణాలు కొన్ని జపానులోని కామియోకా గనిలో పెట్టిన నీళ్ళ తొట్టిలో దొరికాయి. దొరికినవి పదకొండు! అవి పది సెకన్లకు పైగా వచ్చాయి. ఆక్సియానులు విచ్చలవిడిగా వేడిని ఎత్తుకుపోయి ఉంటే న్యూట్రినోలు అంతసేపు వచ్చేవి కావు. కనక దొంగ ఉన్నా పెద్ద దొంగ కాడని తేలింది.

కాసియోపియా ఎ లోని చుక్క ఇంకా మంచి సాక్షి. 'చంద్ర' దుర్భిణి కొలతలను పరిశీలించి 2010లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక మాట చెప్పారు. 2000లో 21.2 లక్షల డిగ్రీలున్న నక్షత్రం 2009 నాటికి 20.4 లక్షలకు దిగిందన్నారు. నక్షత్రాలు లక్షల సంవత్సరాల మీద చల్లారుతాయి. పదేళ్ళలో వందకు నాలుగు పాళ్ళు తగ్గటమంటే మాటలు కాదు. తరవాత ఇంకా జాగ్రత్తగా కొలిస్తే తరుగుదల అంతకన్న తక్కువని తెలిసింది. దుర్భిణిలోని పరికరం కూడా ఏళ్ళ తరబడి పాతబడుతుంది. ఆ లెక్క తీసివేయాలి కదా!

మరి ఇది దొంగ పనేనా? తొందరపడవద్దు. మీ అమ్మ రాత్రి దింపి పెట్టిన పాలు పొద్దునకు తగ్గాయనుకోండి. పిల్లి తాగిందని వెంటనే కర్ర తీసుకోకూడదు. ముందు ఆవిరైపోయినది ఎంత, మీగడ కట్టినది ఎంత, తమ్ముడు చప్పుడు కాకుండా తాగినది ఎంత, ఇవన్నీ లెక్క వేయాలి. మిగిలితేనే పిల్లి మీద అనుమానం.

ఇక్కడా అంతే. న్యూట్రానులు కొత్తగా జత కట్టేటప్పుడు న్యూట్రినోలు పుట్టి వేడిని తీసుకుపోతాయి. తరుగుదలకు అదే కారణమని 2011లో రెండు బృందాలు లెక్క చూపాయి. లోపలి గదిలోని క్వార్కుల జతలు ఒక తీరు నుంచి ఇంకొక తీరుకు మారటమే కారణం కావచ్చునని 2013లో ఇంకొక లెక్క వచ్చింది. ఈ లెక్కలన్నీ పోగా దొంగకు మిగిలేది కొంచెమే. కనక "పిల్లి ఉన్నదో లేదో గాని, ఉన్నా ఇంతకన్న ఎక్కువ తాగలేదు," అని శాస్త్రజ్ఞులు ఆక్సియానుకు ఒక హద్దు గీశారు.

ఇప్పుడు నీలం క్వార్కులు గుర్తు తెచ్చుకోండి. జత కట్టిన క్వార్కులు ఒకదాని నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి గనక వాటికి వేడిని బయటికి వదలటం కష్టం. అన్నీ జత కట్టి ఉంటే లోపలి గది మూత బిగించిన గిన్నె అవుతుంది. దొంగకు అక్కడ పని లేదు. నీలం క్వార్కులు ఒంటరిగా ఉంటే మూత తెరిచి ఉన్నట్టే. అందుచేత గదిలో జతలు ఏ రకమో తెలియకుండా దొంగను గురించి తీర్పు చెప్పలేం. అట్లాగే దొంగ సంగతి తెలిస్తే గది సంగతి తెలుస్తుంది. రెండు ముళ్ళు ఒకే దారానికి పడ్డాయి.

ఇంటికి వచ్చాక

ఇక బయలుదేరుదాం. పులిహోర తినేశారా? సరే!

ఇంటికి చేరాక ఒక పని చేయండి. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, రెండు గ్లాసులలో వేడి నీళ్ళు సమంగా పోయించండి. ఒకదాని మీద మూత పెట్టండి. అయిదేసి నిమిషాలకు ఒకసారి థర్మామీటరుతో చూసి వేడి ఎంతెంత తగ్గిందో కాగితం మీద రాయండి. జ్వరం చూసే థర్మామీటరు పనికి రాదు, పగిలిపోతుంది. స్కూలులో లాబొరేటరీది అడగండి. తరవాత ఆ కాగితం ఒక్కటే మీ నాన్నగారికి ఇచ్చి, ఏ గ్లాసుకు మూత పెట్టారో చెప్పమనండి. గ్లాసులను చూడకుండానే ఆయన చెప్పేస్తారు. న్యూట్రాన్ నక్షత్రం విషయంలో శాస్త్రజ్ఞులు చేస్తున్నది కూడా ఇదే పని. వారి గ్లాసు 11,000 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నది, అంతే తేడా.

ఒక్క సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. ఇంకా పదేళ్ళు గడిచాక, మీరు కాలేజీలో ఉండగా, ఎవరో ఒకరు ఆ చుక్క వేడిని మళ్ళీ కొలుస్తారు. వారు కొలవబోయే ఎక్స్‌రేలు ఆ రోజున అక్కడి నుంచి బయలుదేరవు. మన ఊళ్ళల్లో ఊళ్ళే లేని కాలంలో, వేల ఏళ్ళ కిందటనే బయలుదేరాయి. ఈ పేజీ మీరు చదువుతున్న ఈ నిమిషాన అవి మనకు పది కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. దొంగ ఉన్నాడో లేడో చెప్పే సాక్ష్యం వాటి దగ్గరే ఉన్నదేమో! అవి దారిలో ఉన్నాయి. ఈ రాత్రి డాబా ఎక్కితే ఉత్తరం వైపు ఒకసారి చూడండి.